వాగు ఒడ్డు తెగుతుంటే: మొక్కకు ముందు పనులు, మొక్క తర్వాత పనులు

ఒడ్డు తెగుతోందనగానే అందరికీ ముందు తట్టేది మొక్కలు నాటడం. జూలైలో పంచాయతీ నర్సరీ నుంచి ట్రాక్టరు నిండా మొక్కలు వస్తాయి, ఒడ్డు అంచునే వరసగా నాటుతారు, ఫొటోలు దిగుతారు. ఆగస్టు వరదకు కొన్ని పోతాయి, సంక్రాంతి దాటాక మేకలు కొన్ని తింటాయి, ఏప్రిల్ ఎండకు మిగిలినవి మాడతాయి. మరుసటేడు అవే గుంతల్లో మళ్లీ మొక్కలు. వాగు ఒడ్డును బాగుచేసే పనిలో నాటడం నాలుగో మెట్టు. కోతకు కారణాన్ని ఆపడం, వాగుకు చోటు వదలడం, పశువులను ఒక దారికి తేవడం దానికన్నా ముందు జరగాలి. ఈ మూడూ కుదిరితే చాలా చోట్ల నాటాల్సిన మొక్కల సంఖ్య బాగా తగ్గిపోతుంది. గడ్డి, కానుగ, ఈత వాటంతటవే లేస్తాయి.

ఇక్కడ చెప్పేది 5 నుంచి 30 మీటర్ల వెడల్పుండి, వానాకాలం పారి, ఎండాకాలం మడుగులుగా మిగిలే వాగులు, వంకల గురించి. తెలంగాణలో, రాయలసీమలో, ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో ఎక్కువ వాగులు ఇలాంటివే. కృష్ణ, గోదావరి, పెన్న లాంటి పెద్ద నదుల కరకట్టల పని వేరు. అక్కడ ఇరిగేషన్ ఇంజనీర్ల లెక్క లేకుండా పార వేయకూడదు.

ముందు వాగులో నడవండి

రెండుసార్లు నడవాలి. ఒకసారి మే నెలలో, అడుగు బయటపడి ఉన్నప్పుడు. రెండోసారి పెద్ద వరద తీసిన రెండు మూడు రోజులకు, గుర్తులు చెరిగిపోకముందే. తెగిన చోటు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. అక్కడినుంచి ఎగువకు అర కిలోమీటరు, దిగువకు అర కిలోమీటరు వాగు అడుగులోనే నడవండి. 30 మీటర్ల టేపు, రెండు మీటర్ల కర్ర, చిన్న డబ్బా ఎర్ర రంగు, ఫోను వెంట ఉంటే చాలు.

మొదట వెతకాల్సింది మామూలు వరద గీత. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో అదీ ఆ గీత. ఒడ్డు వాలు ఒక్కసారిగా మెత్తబడే చోటు, పొదల్లో గడ్డిపోచలు చిక్కుకున్న ఎత్తు, రాళ్ల మీద బురద మరక, ముదురు చెట్లు మొదలయ్యే వరస, ఇవన్నీ దాదాపు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో మున్నేరుకు వచ్చినలాంటి వరద వదిలిన చెత్త ఇంకా పైన, కొమ్మల్లో వేలాడుతుంటుంది. దాన్ని ఈ లెక్కలో కలపకండి. పశువులు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను అడిగితే రెండు గీతలకూ తేడా ఠక్కున చెబుతారు. ప్రతి 50 మీటర్లకూ ఆ గీతను రాయి మీదో చెట్టు మీదో రంగుతో గుర్తు పెట్టండి. రాయి ఎక్కడిదాకా పేర్చాలి, గడ్డి ఎక్కడ వేయాలి, చెట్టు ఎక్కడినుంచి నాటాలి అన్న ప్రతి నిర్ణయానికీ ఇదే ఆధారం.

తర్వాత తెగిన ఒడ్డును నిలువునా చూడండి. పైన బంకమట్టి, కింద ఇసుక పొర ఉంటే ఇసుక ముందు జారిపోతుంది, పైమట్టి చూరులా వేలాడి బరువుకు విరిగిపడుతుంది. నల్లరేగడిలో ఎండాకాలం పగుళ్లు ఒడ్డు పొడవునా పడతాయి, తొలి వాన నీళ్లు వాటిలో నిండగానే పలకలు పలకలుగా ఊడుతుంది. వరద పోటు మీద ఉన్నప్పటికన్నా వరద తీశాకే ఒడ్లు ఎక్కువ విరుగుతాయి. నానిన మట్టి బరువెక్కి ఉంటుంది, దానికి ఎదురుగా ఆనుకుని ఉన్న నీరేమో పోయి ఉంటుంది.

కారణం ఏదో తేల్చుకోండి

అన్నిటికన్నా చెడ్డది వాగు అడుగే దిగిపోవడం. పాత చెట్ల వేళ్లు గాల్లో వేలాడుతున్నాయా, వంతెన పునాది, బావి వరలు బయటపడ్డాయా, రెండు ఒడ్లూ ఒకేలా నిలువుగా తెగుతున్నాయా చూడండి. వాగు అడుగున ఒకటి రెండు అడుగుల ఎత్తున చిన్న మెట్టు కనిపించి, అది ఏటేటా ఎగువకు జరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. కారణం దాదాపు ఎప్పుడూ దిగువన ఇసుక తోడడమో, పూడికతీత పేరుతో పొక్లెయిన్ పెట్టి వాగును తిన్నగా లోతుగా చెక్కేయడమో అయి ఉంటుంది. అడుగు దిగుతున్న వాగుకు ఒడ్డు మీద ఏం చేసినా నిలవదు.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇసుక తీయడాన్నీ, చెట్లు కొట్టడాన్నీ అదుపులో పెడుతుంది. దాని నిబంధనల ప్రకారం వంతెనలు, ఆనకట్టల లాంటి కట్టడాలకు 500 మీటర్లలోపు ఇసుక తవ్వకూడదు. గ్రామసభ తీర్మానంతో, తేదీ పడిన ఫొటోలతో తహసీల్దారుకు రాసి ఇవ్వండి. పని మొదలుపెట్టే రోజు కన్నా ఇది ముందు జరగాలి.

జరుగుతున్న మెట్టును బండరాళ్లతో ఆపొచ్చు. మెట్టు మొదట్లో చిన్న కంకర పరిచి, దాని మీద 30 నుంచి 45 సెంటీమీటర్ల రాళ్లతో దిగువకు వాలు పేర్చాలి. అడుగు ఎత్తు మెట్టుకు పదడుగుల పొడవు వాలు ఉండాలి, అంతకన్నా నిటారుగా వద్దు. రాళ్ల వరస మధ్యలో పల్లంగా, రెండు పక్కలా ఎత్తుగా ఉంచండి, లేకపోతే నీళ్లు రాళ్లను చుట్టుకుని ఒడ్డును కోస్తాయి. రెండు చివర్లనూ ఒడ్డులోకి మీటరు దాకా తొలిచి దిగేయాలి. కంకర మానేస్తే సందుల్లోంచి మట్టి లాగేసుకుని రెండో ఏడాదికి రాళ్లు కుంగుతాయి. మెట్టు మూడడుగులు దాటితే సొంత ప్రయోగం వద్దు, ఇంజనీరును పిలవండి.

చెక్‌డ్యాం కింద ఒడ్డు తెగడం మరో రకం. చెక్‌డ్యాం చివర ఒడ్డును కాచే రెక్క గోడ పొట్టిగా ఉంటే, దాన్ని దాటిన నీళ్లు సుడి తిరిగి మట్టిని తినేస్తాయి. అక్కడ మొక్కలు వేయడం దండగ. గోడ చివర నుంచి కోత కనిపించినంత దూరం, ఆపైన మరో ఐదు మీటర్లు, ఒడ్డు పాదాన రాళ్లు పేర్చాలి.

ఎక్కువమంది కళ్లబడని కారణం పైనుంచి వచ్చే చేల నీళ్లు. పొలంలో నిండిన వాన నీరు ఒక మూల నుంచి ఒడ్డు మీదుగా కిందికి దూకుతుంది, అక్కడ చిన్న గాడి పడుతుంది, నాలుగేళ్లకు అదొక వంక అవుతుంది. వాగు ఏ పాపం చేయకపోయినా ఒడ్డు పోతుంది. దీనికి మందు చవక: ఒడ్డు అంచుకు మూడు మీటర్లు వెనగ్గా అడుగు ఎత్తు కట్ట వేసి, నీళ్లన్నిటినీ ఒక్క చోటికి మళ్లించాలి. ఆ చోట మీటరు నుంచి మీటరున్నర వెడల్పున రాళ్లు పరిచిన కాలువ దించాలి. కాలువ మధ్యలో గుంటగా ఉండాలి, ఒడ్డు అంచుకు మీటరు ముందే మొదలవ్వాలి, కింద నీళ్లు పడే చోట మీటరున్నర పొడవున పెద్ద రాళ్లు ఉండాలి. ఒడ్డు తక్కువ ఎత్తుదైతే ఆరంగుళాల పీవీసీ పైపు పాతినా సరిపోతుంది. కట్టను ఒడ్డు అంచునే వేస్తే ఆగిన నీరు ఇంకి ఒడ్డునే కూలుస్తుంది.

ఒక మాట. తెగే ఒడ్డు అంతా రోగం కాదు. వంపు తిరిగే చోట బయటి ఒడ్డు కొంచెం కొంచెం తరగడం, లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడం వాగు స్వభావం. లకుముకి పిట్టలు గూటికి బొరియలు తవ్వుకునేది ఆ నిలువు ఒడ్లలోనే. దాని వెనక ఇల్లు, బావి, దారి లాంటివి లేకపోతే వదిలేయండి.

వాగుకు ఎంత చోటు

వాగు పోరంబోకు ఎక్కడిదాకా, పట్టా ఎక్కడినుంచి అన్నది తేలకుండా గడ్డపార ఎత్తితే తగువే. తెలంగాణలో గ్రామ నక్ష (ఊరి భూముల పటం), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) చూపించి మండల సర్వేయరుతో హద్దు రాళ్లు వేయించండి. వాగు దిశ మార్చుకున్న చోట తిరకాసు ఉంటుంది. కాగితం మీది వాగు సాగులో ఉంటుంది, నీళ్లు పారేది ఒకరి పట్టాలో. ఇలాంటి చోట రైతుల మధ్య రాతపూర్వక ఒప్పందం లేకుండా ముందుకు పోవద్దు.

2012లో వచ్చిన జీవో 168 భవన నిబంధనలు 10 మీటర్లకు మించిన వెడల్పున్న వాగుకు 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు ఖాళీ వదలమన్నాయి. అది ఇల్లు కట్టేవారికి చెప్పిన హద్దు. ఒడ్డు నిలబడాలంటే 2 మీటర్లు ఏ మూలకూ చాలదు. గడ్డి, పొద, చెట్టు అన్నీ కలిపి ఒడ్డు అంచు నుంచి కనీసం 10 మీటర్లు కావాలి. నేల వాలు ఎక్కువున్నా, పక్కన ఎరువులు, పురుగుమందులు దండిగా పడే మిర్చి, పత్తి ఉన్నా 15 అడగండి. అందులో పొలం వైపు చివరి మూడు నాలుగు మీటర్లు ఒత్తైన గడ్డే ఉండాలి. చేల నుంచి కొట్టుకొచ్చే మట్టినీ, మట్టికి అంటుకుని వచ్చే భాస్వరాన్నీ పట్టి ఆపేది ఆ గడ్డే, చెట్లు కాదు. ఐదు మీటర్లే దొరికితే చెట్ల ఆశ వదులుకుని గడ్డి, వావిలితో సరిపెట్టండి.

లెక్క సులువు. కిలోమీటరు పొడవు, పది మీటర్ల వెడల్పు అంటే ఒక హెక్టారు. వాగు వెంట వంద మీటర్ల చేను ఉన్న రైతు వదలాల్సింది దాదాపు 25 సెంట్లు, తెలంగాణ లెక్కలో పది గుంటలు. ఊరికే వదలమంటే ఎవరూ వదలరు. ఆ పట్టీలో కోసే గడ్డి, వెదురు, కానుగ కాయ, నేరేడు పండు ఎవరివో ముందే కాగితం మీద రాసుకుంటే మాట వింటారు.

రేవు, కంచె

పశువులను వాగు నుంచి పూర్తిగా తప్పించడం కుదరదు. అవి ఎక్కడబడితే అక్కడ కాకుండా ఒక్క చోట దిగేలా చేస్తే చాలు. అందుకే రేవు. ఒక మందకు 300, 400 మీటర్లకు ఒకటి సరిపోతుంది. లోపలి వంపులోనో, వాగు తిన్నగా పారే చోటో, అడుగు గట్టిగా ఉన్న చోట ఎంచండి. బయటి వంపులో రేవు పెడితే వరద దాన్నే దారి చేసుకుని చేలోకి వస్తుంది.

రేవు వెడల్పు 4 మీటర్లు. వాలు ఆరుకు ఒకటి, అంటే రెండు మీటర్ల ఎత్తు ఒడ్డుకు 12 మీటర్ల పొడవు. దారిని కొద్దిగా దిగువ వైపు తిప్పి దించాలి, వరద నేరుగా ఎక్కకుండా. 30 సెంటీమీటర్లు తవ్వి, చేతిమందం రాళ్లు నిలువుగా బిగించి, పైన 10 సెంటీమీటర్ల మొరం, కంకర వేసి దిమ్మిస కొట్టాలి. సిమెంటు పూత వద్దు, గిట్టలు జారి గేదెలు కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. రెండు పక్కలా కంచె రేవు పొడవునా నీటి అంచుదాకా రావాలి, లేకపోతే పశువులు పక్కనుంచి దిగుతాయి, రేవు కట్టిన ఖర్చంతా వృథా.

కంచె ఎప్పుడూ మామూలు వరద గీతకు పైనే. వాగుకు అడ్డంగా తీగ లాగితే తొలి వరద చెత్త పట్టి స్తంభాలతో సహా పీకేస్తుంది. తొలి రెండేళ్లకు కొట్టిన సర్కారు తుమ్మ కంపే చవకైన కంచె, ఏటా కొత్తది సర్దాలి. ఆలోపు కంప లోపలి వైపు వాక్కాయ, గచ్చ, కిత్తనార రెండు వరసలుగా, వరసల మధ్య 50 సెంటీమీటర్లతో పెట్టండి. గచ్చ గింజ పెంకు రాయిలాంటిది. బండ మీద ఒక పక్క అరగదీసి, రాత్రంతా నానబెడితేనే మొలుస్తుంది.

కంచె కన్నా గట్టిది ఊరి కట్టుబాటు. ఎండాకాలం బయటి ఊళ్ల నుంచి గొర్రెల మందలు వచ్చే దారి వాగు వెంటే ఉంటే, ఆ కాపరులతో ముందుగా మాట్లాడి వాళ్లకు దారి, నీళ్ల తొట్టి చూపించండి. ఇది మరిచిపోతే మూడేళ్ల పని ఒక్క పూటలో మేతైపోతుంది.

సర్కారు తుమ్మ, లొట్టపీసు

సర్కారు తుమ్మను పైకి నరికితే పదింతలై లేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, నేల మట్టానికి 20, 30 సెంటీమీటర్ల కింద, చిగురు పుట్టే భాగం మొత్తం పోయేలా కొట్టాలి. అయితే తెగే ఒడ్డు మీద దాన్నంతా ఒకే ఏడాది పీకేయకండి. ఇష్టమున్నా లేకపోయినా ఆ ఒడ్డును ప్రస్తుతానికి పట్టుకుని ఉంది దాని వేళ్లే. 20 మీటర్లు తీసి 20 మీటర్లు వదలండి. తీసిన చోట కొత్త మొక్కలు నడుమెత్తు దాటాక మిగతాది తీయండి. ఒడ్డు వాలు మీద ఉన్నవాటి మొద్దులు తవ్వకుండా, చిగుళ్లు వచ్చినప్పుడల్లా విరిచేస్తూ అణచడం మేలు.

లొట్టపీసు కాడ ముక్క నీళ్లలో పడితే దిగువన ఇంకో చోట వేరూనుతుంది. ఎండాకాలంలోనే వేళ్లతో పీకి, వరద గీతకు పైన బండ మీద గలగలలాడేదాకా ఎండబెట్టి తగలబెట్టాలి. పచ్చిది మేకలు తింటే విషం, రేవు దగ్గర పడేయవద్దు.

ఒడ్డు వాలు, పాదం, దడి

మీటరున్నర కన్నా ఎత్తున నిలువుగా ఉండి, వెనక కాపాడాల్సింది ఏదైనా ఉన్న చోటే మట్టి పని చేయండి. జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్‌లోపు ముగించాలి. రెండు మీటర్ల ఎత్తు ఒడ్డును మూడు నుంచి నాలుగు మీటర్లు వెనక్కి చెక్కి వాలు చేయాలి. తీసిన మట్టిని వాగులోకి తోస్తే దిగువ వాళ్లకు మేట. పైపొర మట్టిని పక్కకు తీసి ఉంచి, వాలు తయారయ్యాక దాన్నే తిరిగి పరచండి, గడ్డి విత్తనమంతా అందులోనే ఉంటుంది.

పాదం నిలవకపోతే పైన చేసినదంతా కూలుతుంది. నీటి వేగం ఎక్కువున్న బయటి వంపుల్లో రాళ్లు తప్పవు. వాగు అడుగుకు 60 సెంటీమీటర్ల కిందికి కందకం తీసి, అక్కడినుంచి మామూలు వరద గీత దాకా పేర్చండి. అంతకు పైన రాయి వద్దు, అది డబ్బు దండగ, పైగా ఎండకు కాగి పక్కన ఉన్న మొక్కలను మాడుస్తుంది. వేగం తక్కువున్న చోట్ల దడి చాలు. 1.2 నుంచి 1.5 మీటర్ల తుమ్మ గూటాలు, 7, 8 సెంటీమీటర్ల మందంవి, అర మీటరుకు ఒకటి చొప్పున మూడింట రెండు వంతులు నేలలోకి దిగేయాలి. వాటి మధ్య అప్పుడే కొట్టిన పచ్చి వావిలి బరికెలను అటూ ఇటూ అల్లి, మొదళ్లను ఒడ్డు మట్టిలోకి గుచ్చి, వెనక మట్టి నింపి తొక్కాలి. జూన్ తొలి వానలకు అల్లితే బరికెలు వేరూనుకుని దడే పొద అవుతుంది. ఎండిన బరికెలతో అల్లితే చెదలు తిని రెండేళ్లకు ఖాళీ గూటాలు మిగులుతాయి.

ఇసుక ఎక్కువున్న వాలు మీద కొబ్బరి పీచు జాలీ పరచండి. రెండు మూడేళ్లకు అది మట్టిలో కలిసిపోతుంది, అప్పటికి వేళ్లు పని అందుకుంటాయి. ఒడ్డు పైన 30 సెంటీమీటర్ల గాడిలో జాలీ చివర పాతిపెట్టాలి, పక్క పక్క పట్టీలు 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి రావాలి, ఎగువ పట్టీ అంచు పైన ఉండాలి. మీటరుకు ఒక వెదురు మేకు కొట్టండి. జాలీ నేలకు అంటుకోకుండా గుడారంలా లేచి ఉంటే నీళ్లు కిందనుంచి దూరి మట్టిని ఖాళీ చేస్తాయి. బయటికి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఏ మొక్క ఎక్కడ

నీటి అంచు నుంచి మామూలు వరద గీత దాకా, వరదకు వంగి మళ్లీ లేచే మొక్కలే ఉండాలి. వావిలి, వట్టివేరు, తుంగ, రెల్లు దీనికి సరిపోతాయి. కాండం బిరుసు మొక్కలు ఇక్కడ చెత్త పట్టి నీళ్లను ఒడ్డు మీదికి తిప్పుతాయి. వావిలిని బొటనవేలి మందం, 60 నుంచి 90 సెంటీమీటర్ల పొడవు కొమ్మలుగా కోసి, కళ్లు (చిగురు పుట్టే మొగ్గలు) పైకి ఉండేలా మూడింట రెండు వంతులు నేలలోకి దించండి. ముందు ఇనుప చువ్వతో రంధ్రం చేయాలి, సుత్తితో కొడితే తల చీలి ఎండిపోతుంది. వట్టివేరును వాలుకు అడ్డంగా వరసలు వేయాలి, కుదురుకు మూడు పిలకలు, కుదురుకూ కుదురుకూ మధ్య 15 సెంటీమీటర్లు. వంద మీటర్ల వరసకు రెండు వేల పిలకలు పడతాయి. సందులు వదిలితే వరస పని చేయదు, ఆ సందులోంచే నీళ్లు దారి తీస్తాయి. దీనికి నీడ పడదు, తొలి మూడేళ్లు దాని మీద కంప, పొదలు వాలకుండా చూడండి. రెల్లును ఇసుక పాదాల్లోనే రానివ్వండి, అది చేలోకి పాకితే రైతు మిమ్మల్నే తిడతాడు, ఎండాకాలం నిప్పు కూడా దానికే ముందు అంటుకుంటుంది.

గీతకు పైన ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి. ఏరుమద్దికి మించిన ఒడ్డు చెట్టు మనకు లేదు. పేరులోనే ఏరు ఉంది, రోజుల తరబడి వేళ్లు నీళ్లలో ఉన్నా కుళ్లదు. మహాదేవ్‌పూర్, చెన్నూరు వైపు దసలి పట్టు పురుగులకు మేత కూడా మద్ది ఆకే. చెట్టుకూ చెట్టుకూ మూడు మీటర్లు, వరసలు తప్పి తప్పి. హెక్టారుకు సుమారు 1,100 పడతాయి. ఏ ఒక్క జాతీ మొత్తంలో నాలుగో వంతు దాటకపోతే ఒక తెగులుకు ఒడ్డంతా ఖాళీ కాదు.

ఒడ్డు పైన, పొలం వైపు గడ్డి పట్టీ మొదలయ్యేలోపు చింత, వేప, ఈత, వెదురు. వెదురు కుదుళ్ల మధ్య 5 మీటర్లు ఉంచండి. నిలువు ఒడ్డు అంచున పెద్ద చెట్టుగానీ వెదురుగానీ పెట్టకూడదు, గాలికి ఊగి తనతోపాటు ఒడ్డునూ పెళ్లగిస్తుంది. ఒడ్డు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం వెనక్కి జరగండి. జామాయిల్, సుబాబుల్, కోనోకార్పస్ ఉచితంగా ఇచ్చినా ఒడ్డుకు తేవద్దు. సుబాబుల్ గింజ వరదతో దిగువ ఊళ్లన్నిటికీ పాకుతుంది.

నర్సరీ మొక్కకన్నా అదే వాగు వెంట ఉన్న చెట్ల విత్తనం నమ్మకం. మద్ది కాయలు ఎండాకాలంలో ఏరి, నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి కవర్లలో వేయండి. కానుగ గింజకు ఏ మందూ అక్కర్లేదు, రెండు వారాల్లో మొలుస్తుంది, నేరుగా గుంతలో రెండు గింజలు వేసినా లేస్తుంది. నేరేడు గింజ మాత్రం ఎండితే చచ్చిపోతుంది, పండు తిన్న వారంలోపే నాటాలి.

నాటడం, నీళ్లు

పైభాగంలో 45 సెంటీమీటర్ల గుంతలు ఏప్రిల్‌లోనే తీసి ఎండనివ్వండి. వాలు మీద 30 సెంటీమీటర్లు దాటవద్దు, పెద్ద గుంత వాలునే వదులు చేస్తుంది. పైగుంతకు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి. వేపపిండి చెదల కోసం. ఎర్రనేలల్లో మొక్కలు చావడానికి నీళ్ల కొరత తర్వాత చెదలదే చెయ్యి. యూరియా, డీఏపీ ఈ పట్టీలోకి రాకూడదు.

తెలంగాణ, ఉత్తరాంధ్రల్లో నేల బాగా లోతుగా తడిశాక, జూన్ చివర నుంచి జూలై మధ్యలోపు పైభాగం నాటాలి. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కాబట్టి అక్కడ సెప్టెంబరు చివర మొదలుపెట్టండి. వరద గీత కింది భాగం ఎక్కడైనా రెండు అదనుల్లోనే. ఒకటి వరదలకు నెల, నెలన్నర ముందు చేతితో తడుపుతూ, రెండోది చివరి వరద తీశాక తడి ఉండగానే. నడి వరదల్లో నాటినవి కొట్టుకుపోతాయి.

మొక్క కనీసం రెండడుగులు ఉండాలి. నల్ల కవరు పూర్తిగా చింపి తీయాలి, కవరు అడుగున చుట్టలు చుట్టిన వేళ్లను కత్తిరించాలి. కవరుతో సహా పాతిన మొక్క రెండేళ్లు పచ్చగా ఉండి, మూడో ఏడు గాలికి పడిపోతే వేరు గుత్తి ఆ కవరు ఆకారంలోనే బయటికి వస్తుంది.

ఎన్ని మొక్కలు అన్నది నర్సరీ కాదు, ఎండాకాలం నీళ్లు చెప్పాలి. తొలి వేసవిలో ఫిబ్రవరి నుంచి మే దాకా పది రోజులకోసారి మొక్కకు పది లీటర్లు అనుకుంటే 1,100 మొక్కలకు 11,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైనే, విడత విడతకూ. అది కుదరకపోతే 300 నాటి 300 బతికించండి. మిగతా చోట కానుగ గింజలు విత్తి కంచె కాపాడితే చాలు. మొక్క చుట్టూ బెత్తెడు మందాన ఎండుగడ్డి పరచండి, కాండానికి మాత్రం తగలకుండా.

నవంబరులో ఒకసారి, జూన్‌లో ఒకసారి లెక్కపెట్టండి. నూటికి 80 కన్నా తక్కువ బతికితే ఖాళీలు నింపేముందు ఎందుకు చచ్చాయో చూడాలి. కొరికిన ఆనవాలుంటే కంచె, మొదట్లో మట్టి గొట్టాలుంటే చెదలు, ఆకు కొసల నుంచి ఎండుతూ వస్తే నీళ్లు.

మొదటి రెండేళ్లు గడ్డి కోసుకుపోవచ్చు, మేపకూడదు. వట్టివేరును ఏడాదికి రెండుసార్లు మోకాలి ఎత్తున కోస్తే ఒత్తుగా పిలకలు పెడుతుంది. ఫిబ్రవరిలో పొలం వైపు మూడు మీటర్ల వెడల్పున ఎండుగడ్డి గీకేసి నిప్పు పట్టీ తీయండి, పత్తి కట్టె, మొక్కజొన్న చొప్ప తగలబెట్టే రోజుల్లో మంట వచ్చేది అటునుంచే.

పెద్ద వరద వచ్చి పోయాక వారంలోపు ఒడ్డు వెంట తిరగండి. పడుకున్న మొక్కలను లేపి మొదట్లో తొక్కాలి, వాటికి చుట్టుకున్న ప్లాస్టిక్, గడ్డి తీసేయాలి. మేట జానెడు లోపుంటే కదిలించవద్దు, వట్టివేరు, గరిక దాన్ని చీల్చుకుని వస్తాయి. దడి వెనక మట్టి జారితే గూటాలు కదిలాయో లేదో చూసి అప్పుడే నింపండి, వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే ఆ సందు గండి అవుతుంది. కొట్టుకొచ్చి వాగులో అడ్డంపడిన దుంగ వంతెన కానాను గానీ చెక్‌డ్యాం తూమును గానీ మూయకపోతే అక్కడే ఉండనివ్వండి, దాని కింద పడే మడుగులోనే ఎండాకాలం చేపపిల్లలు దాక్కుంటాయి. అది నీళ్లను ఒడ్డు మీదికి తోస్తుంటే ఎత్తేయకుండా, తాడు కట్టి వాగు పొడవు దిశకు తిప్పితే సరి.